ఏడాది ఆపితే పరుగు పెరుగుతుందా?

ఆటలపోటీల లెక్క పుట్టిన తేదీతోనే, తరగతితో కాదు
పిల్లవాణ్ణి అదే తరగతిలో ఉంచే ముందు తల్లిదండ్రులు చూసుకోవలసిన సంగతులు

రేణిగుంట: పరీక్షలు ముగిసి బడులకు వేసవి సెలవులు ఇచ్చే రోజుల్లో, ఆటల్లో చురుకైన పిల్లవాడు ఉన్న ఇంట ఒక మాట వస్తూ ఉంటుంది. "చదువులో వెనకబడినాడు, ఆటలో ముందున్నాడు. ఇదే తరగతిలో ఇంకో ఏడు కూర్చోబెడితే రెండూ కుదురుకుంటాయి గదా?" అని బంధువులలో ఎవరో ఒకరు అంటారు. పక్కింటివారు నిజమేనని తలూపుతారు. మాట తేలికైనదే. కాని దాని ఫలితం పిల్లవాడు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే రోజు దాకా వెంట వస్తుంది. అందుచేత తొందరపడి నిర్ణయం తీసుకునే ముందు కాగితం, పెన్సిలు పట్టుకుని ఒక లెక్క వేసుకోవడం మంచిది.

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి రైల్వేలో ట్రాక్ మనిషి. తల్లి గాజులమండ్యం పారిశ్రామికవాడలో పనికి వెళుతుంది. కొడుకు 2011 అక్టోబరు 20న పుట్టాడు. 2025 ఏప్రిల్ నాటికి హైస్కూలులో ఎనిమిదో తరగతి పూర్తి చేశాడు. 400 మీటర్ల పరుగులో మండలంలో మొదటివాడు. జిల్లా పోటీలకు వెళ్ళి, అక్కడ నాలుగోవాడుగా వచ్చి, పతకం లేకుండా ఇంటికి తిరిగివచ్చాడు. లెక్కలు, ఇంగ్లీషు అంతంత మాత్రం.

మేనమామ వచ్చి తండ్రితో అంటాడు: "పిల్లోడిది చిన్నదేహం బావా. వచ్చే ఏడు పెద్ద పిలకాయలతో పరిగెత్తించినామంటే నలిగిపోతాడు. ఎనిమిదిలోనే ఇంకో ఏడు ఉంచు. చిన్న పిలకాయల్లో ఫస్టు వస్తాడు. చదువు కూడా గట్టిపడుతుంది."

మేనమామ మాటలో మేనల్లుడి మీద ప్రేమ ఉంది. లెక్క మాత్రం తప్పు.

లెక్క ఎక్కడ తప్పింది?

బడిపిల్లల ఆటలపోటీలను దేశమంతటా స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా నిర్వహిస్తున్నది. ఇది 1954లో ఏర్పడిన సంస్థ. మండలం, జిల్లా, రాష్ట్రం, ఆపైన జాతీయ స్థాయి - ఈ మెట్లన్నీ ఎక్కవలసింది దీని పోటీలలోనే. ఇందులో మూడు విభాగాలు ఉన్నాయి: 14 ఏళ్ళలోపు, 17 ఏళ్ళలోపు, 19 ఏళ్ళలోపు. పిల్లవాడు ఏ విభాగంలో ఆడాలనేది అతను పుట్టిన తేదీని బట్టి నిర్ణయిస్తారు. ఏ తరగతి బెంచీ మీద కూర్చున్నాడన్నది ఆ నిర్ణయానికి ఆధారం కాదు.

2024-25 పోటీలలో 14 ఏళ్ళలోపు విభాగానికి 2011 జనవరి 1న గాని, ఆ తర్వాత గాని పుట్టినవారే అర్హులు. మన ఉదాహరణలోని పిల్లవాడు అక్టోబరులో పుట్టాడు గనుక ఆ ఏడు ఆ విభాగంలో పరుగెత్తాడు. 2025-26లో ఆ గీత 2012 జనవరి 1కి జరిగింది. అంటే అతను ఎనిమిదిలో ఉన్నా, తొమ్మిదిలో ఉన్నా, 14 ఏళ్ళలోపు విభాగం తలుపు మూసుకుపోయింది. ఇక పరుగెత్తవలసింది 17 ఏళ్ళలోపు వారితోనే.

మేనమామ అనుకున్న "చిన్న పిలకాయలు" తరగతిలో దొరుకుతారేమో గాని పరుగుపందెంలో దొరకరు. ఏడాది చదువు పోతుంది. పందెంలో ఒక్కరోజు వయసు కూడా తగ్గదు.

మరి ఈ మాట ఎక్కడినుంచి వచ్చింది?

ఈ ఆలోచనకు మూలం లేకపోలేదు. అమెరికాలో బడి ఆటలు చాలావరకు తరగతినిబట్టి నడుస్తాయి. అక్కడ హైస్కూలు అంటే తొమ్మిదినుంచి పన్నెండు దాకా నాలుగేళ్ళు. తొమ్మిదిలో చేరిన నాటినుంచి ఎనిమిది సెమిస్టర్లు మాత్రమే బడి జట్టుకు ఆడే అవకాశం ఉంటుందని అనేక రాష్ట్రాలలో నియమం. అందుచేత కొందరు తల్లిదండ్రులు ఎనిమిదో తరగతిలోనే కొడుకును ఏడాది ఆపుతారు. తొమ్మిదిలో అడుగుపెట్టేసరికి వాడు తోటివారికంటే ఏడాది పెద్ద, అంగుళమో రెండంగుళాలో పొడుగు, కాస్త బలం. కాలేజీల వారు ఉపకార వేతనాలిచ్చి జట్టులోకి తీసుకునే దేశం గనుక, ఆ అంగుళానికి అక్కడ విలువ ఉంది. అక్కడ కూడా 19 ఏళ్ళు నిండినవారిని ఆడనివ్వకుండా చాలా రాష్ట్రాలు హద్దు పెట్టాయి. ఇది న్యాయమా అన్న వాదం అక్కడా నడుస్తూనే ఉంది.

ఆ పద్ధతిని సినిమాలలోనో, ఫోన్లలోనో చూసి మన ఊళ్ళో పాటిస్తే మాత్రం ప్రయోజనం శూన్యం. మన పోటీల నియమాలు వేరు.

ఓపిక పట్టితే వయసే కలిసివస్తుంది

ఇకపోతే, మేనమామ మాటలో ఒక నిజం ఉంది. పిల్లవాడిది చిన్నదేహమే. ఒకే విభాగంలో ఆడే పిల్లలందరూ ఒకే వయసువారు కారు. 2024-25లో 14 ఏళ్ళలోపు విభాగంలో 2011 జనవరిలో పుట్టిన కుర్రవాడు, అక్టోబరులో పుట్టిన కుర్రవాడు పక్కపక్కన నిలబడ్డారు. మధ్యన తొమ్మిది నెలల తేడా. పదమూడేళ్ళ వయసులో తొమ్మిది నెలలంటే తక్కువ కాదు. మగపిల్లలు చాలామంది పన్నెండు పదిహేనేళ్ళ మధ్యనే ఒక్కసారిగా పొడుగు సాగుతారు. ఆడపిల్లలలో ఈ ఎదుగుదల ఇంకా ముందే మొదలవుతుంది. ముందు సాగినవాడు ముందు గెలుస్తాడు. అందులో అతని సాధన ఎంత, ఎముక పెరుగుదల ఎంత అన్నది అప్పుడే తేలదు.

ఈ సంగతిని 1985లో కెనడాలో కొందరు పరిశోధకులు లెక్కగట్టి చూపారు. అక్కడి ఐస్ హాకీ జట్లలో ఏడాది తొలి నెలల్లో పుట్టినవారు ఎక్కువగాను, చివరి నెలల్లో పుట్టినవారు తక్కువగాను ఉన్నట్లు తేలింది. జనవరి పిల్లలకు పుట్టుకతో వచ్చిన ప్రతిభేమీ లేదు. ఏడాది మొదట పుట్టారు గనుక చిన్నప్పుడు పెద్దగా కనిపించారు, పెద్దగా కనిపించారు గనుక జట్టులోకి తీసుకున్నారు, తీసుకున్నారు గనుక మంచి శిక్షణ దొరికింది. చివరి నెలల పిల్లలు ఆ వరుసలో వెనక నిలబడి, విసిగి మానుకున్నారు.

మన పిల్లవాడి విషయంలో ఇదే లెక్కను ముందుకు నడిపి చూద్దాం. 2025-26లో అతను 17 ఏళ్ళలోపు విభాగంలో అడుగుపెట్టాడు. అక్కడ 2009 జనవరిలో పుట్టిన కుర్రాళ్ళు కూడా ఉంటారు. వారికీ ఇతనికీ దాదాపు మూడేళ్ళ తేడా. ఆ ఏడు పతకం రాకపోతే ఆశ్చర్యపడనక్కరలేదు. 2026-27లో తేడా కొంత తగ్గుతుంది. 2027-28లో ఆ విభాగానికి గీత 2011 జనవరి 1. అప్పటికి మన పిల్లవాడే ఆ విభాగంలో పెద్ద పిల్లలలో ఒకడు. ఎనిమిదో తరగతిలో ఏడాది ఆపి సంపాదించాలనుకున్న లాభం, ఆపకుండానే మూడో ఏట తనంతట తాను వస్తుంది. దానికి కావలసింది ఓపిక. మధ్యలో రెండేళ్ళు పతకం లేకపోయినా పిల్లవాణ్ణి మైదానానికి పంపుతూ ఉండాలి. "ఏం సాధించినావు?" అని ఇంట్లో పొడవకుండా ఉండాలి.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది, దాన్నీ దాచకూడదు. మామూలుగా సాగితే 2027-28 నాటికి అతను హైస్కూలు వదిలి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉంటాడు. ఏడాది ఆపితే మాత్రం పదో తరగతిలోనే ఉంటాడు. అదే మైదానం, తనను ఎరిగిన అదే డ్రిల్లు అయ్యవారు. ఆపడంవల్ల నిజంగా ఏదైనా లాభం ఉందంటే ఇదొక్కటే. కాని ఈ లాభం కోసం ఏడాది ఖర్చు చేయనక్కరలేదు. పది పాసయిన తర్వాత ఏ జూనియర్ కాలేజీలో చేర్చాలన్నది జాగ్రత్తగా చూసుకుంటే చాలు. పొద్దున నాలుగింటికి లేపి రాత్రి పదింటిదాకా గదిలోనే కూర్చోబెట్టే కాలేజీలో చేర్చినవారికి, ఎనిమిదిలో ఏడాది ఆపినా, పదిలో ఆపినా పరుగు నిలవదు. మైదానం ఉన్న కాలేజీ, సాయంత్రం ఒక గంట వదిలే కాలేజీ, ఇంటినుంచి బస్సులోనో రైలులోనో వెళ్ళివచ్చే దూరం - తల్లిదండ్రులు అసలు తేల్చుకోవలసిన విషయం అదీ.

బడి పోటీలు ఒక్కటే దారి కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అథ్లెటిక్స్ సంఘాలు నడిపే జూనియర్ పోటీలు కూడా పుట్టిన తేదీతోనే నడుస్తాయి. జాతీయ అంతర్ జిల్లాల జూనియర్ అథ్లెటిక్స్ మీట్ 2019 నవంబరులో మన తిరుపతిలోనే జరిగింది. దేశం నలుమూలలనుంచి వేలాది పిల్లలు వచ్చి పరుగెత్తారు. అది 14, 16 ఏళ్ళలోపు వారికి ఉద్దేశించిన మీట్.

తేదీ మార్చుదామనే దొంగదారి

తరగతి ఆపితే లాభం లేదని తెలిశాక, కొందరికి రెండో ఆలోచన వస్తుంది. "అయితే తేదీనే మారిస్తే?" అని. వెనకటి రోజుల్లో బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వేసిందే పుట్టిన తేదీ. సగం ఊరు జూన్, జూలై నెలల్లోనే పుట్టినట్లు రికార్డులుండేవి. ఇప్పుడు ఆ రోజులు పోయాయి. జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రికార్డు - మూడూ ఒకదానితో ఒకటి సరిపోలాలి. బడిపిల్లల వివరాలు కంప్యూటరులో నమోదై, ఒక శాశ్వత సంఖ్యతో బడి మారినా వెంట వస్తున్నాయి. ఒక ఊరి బడిలో పేరు తీయించి, వేరే ఊళ్ళో కింది తరగతిలో కొత్త తేదీతో చేర్చే పని మునుపటిలా సాగదు.

పోటీల చోట కూడా పరీక్షలున్నాయి. వయసు మోసాలను అరికట్టేందుకు కేంద్ర క్రీడా శాఖ 2010లోనే జాతీయ నియమావళి తెచ్చింది. ఎడమచేతి మణికట్టుకు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలను బట్టి వయసు అంచనా కట్టే పద్ధతి క్రికెట్‌లోను, ఇతర ఆటల్లోను అమలులో ఉంది. 2019లో జమ్మూ కాశ్మీరుకు చెందిన ఒక యువ బౌలర్‌ను క్రికెట్ బోర్డు రెండేళ్ళపాటు ఆటకు దూరం పెట్టింది. అతను ఇచ్చిన జనన పత్రంలోని తేదీ, పదో తరగతి రికార్డులోని తేదీ వేరువేరుగా ఉండటమే కారణం. అప్పటికి అతను ఐపీఎల్‌లో ఆడినవాడు. అంతటివాడికే తప్పలేదు. పల్లెటూరి పిల్లవాడు పట్టుబడితే వెనక నిలబడేవారెవరూ ఉండరు.

పైగా ఇందులో నష్టపడేది ఇంకొకరి బిడ్డ. పదహారేళ్ళవాడు పద్నాలుగని చెప్పి పరుగెత్తిన పందెంలో, నిజంగా పదమూడేళ్ళ పిల్లవాడు నాలుగోవాడై ఇంటికి పోతాడు. మన ఉదాహరణలోని పిల్లవాడు జిల్లాలో నాలుగోవాడుగా వచ్చాడన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

చట్టం ఏమంటున్నది?

2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1నుంచి అమలులోకి వచ్చింది. ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఏ పిల్లవాణ్ణీ అదే తరగతిలో ఆపరాదని అందులో ఉండేది. 2019లో దీన్ని సవరించారు. అయిదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టవచ్చును. తప్పినవారికి మళ్ళీ పాఠాలు చెప్పి, రెండు నెలలలోగా ఇంకొకసారి పరీక్ష పెట్టాలి. అప్పుడూ తప్పితే ఆపాలా, వద్దా అన్నది ఆయా ప్రభుత్వాలు నిర్ణయించుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఆధ్వర్యంలోని బడులకు వర్తించే విధంగా 2024 డిసెంబరులో నిబంధనలు మార్చారు. ఎలా చూసినా, ఆపడమన్నది చదువు రానందువల్ల, అదీ రెండో అవకాశం ఇచ్చిన తర్వాతనే. ఆటలో పతకం కోసం ఆపమని చట్టంలో ఎక్కడా లేదు.

అదే తరగతిలో మళ్ళీ కూర్చుంటే చదువు గట్టిపడుతుందన్న నమ్మకం కూడా అన్నివేళలా నిజం కాదు. ఈ విషయమై అనేక దేశాలలో పరిశోధనలు జరిగాయి. ఆగిన పిల్లలు మొదటి ఏడు కొంచెం మెరుగనిపించినా, ఆ మెరుగు నిలవడం అరుదని, మధ్యలో బడి మానేసే ప్రమాదం వారిలో ఎక్కువని చాలావాటిలో తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. లెక్కలు అర్థం కానివాడికి అదే పుస్తకం, అదే పాఠం, అదే తీరున రెండోసారి చెబితే అర్థం కాదు. తోటివారు పై తరగతికి వెళ్ళగా, తనకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చోవలసిన సిగ్గు ఒకటి అదనం. లెక్కలకు కావలసింది సాయంత్రం గంటసేపు పక్కన కూర్చుని చెప్పే మనిషి. ఏడాది పొడవునా ఆపడం కంటే ఆ ఖర్చు తక్కువ.

ఆడపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కొడుకును ఆపిన ఏడాది ఆలస్యం మాత్రమే. కూతురును ఆపితే "పెద్దదయింది, ఇంకా ఎనిమిదేనా?" అన్న మాట వస్తుంది. ఆ మాట వెనకే పెళ్ళి మాట వస్తుంది. అక్కడితో బడీ పోతుంది, ఆటా పోతుంది. పరుగెత్తే ఆడపిల్ల తన వయసువారితోపాటు పదో తరగతి దాటడం అన్నిటికంటే ముఖ్యం.

రైల్వే ఊరివారికి తెలిసిన లెక్క

రేణిగుంట జంక్షన్ ఊరు. గూడూరు, అరక్కోణం, కడప, తిరుపతి వైపుల రైలు దారులు కలిసే చోటు. ఇక్కడ ఆటల కోటాలో రైల్వే ఉద్యోగం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఆ ఉద్యోగ ప్రకటనలు చూసినవారికి మూడు సంగతులు తెలుస్తాయి. మొదటిది చదువు: అట్టడుగు స్థాయి ఉద్యోగానికి పదో తరగతి గాని, ఐటీఐ గాని పాసై ఉండాలి. ఆపై స్థాయికి ఇంటర్, ఇంకా పైకి డిగ్రీ. రెండోది వయసు: 18నుంచి 25 మధ్యనే. ఇందులో సడలింపు ఉండదు. మూడోది ఆట: ఇటీవలి ఏళ్ళలో సాధించిన ఫలితాలే చూస్తారు. ఎప్పుడో బడిలో గెలిచిన పతకం పెట్టెలో ఉంటే సరిపోదు.

మన పిల్లవాడు ఆగకుండా చదివితే 2027 మార్చిలో పదో తరగతి పరీక్ష రాస్తాడు, 2029లో ఇంటర్ పూర్తి చేస్తాడు. అప్పటికి పదిహేడేళ్ళ అయిదు నెలలు. పద్దెనిమిది నిండేనాటికి ఇంటర్ సర్టిఫికెట్ చేతిలో ఉంటుంది. ఏడాది ఆపితే ఇంటర్ పూర్తయ్యేది 2030లో. పద్దెనిమిది, ఇరవై అయిదు మధ్యనున్న ఏడేళ్ళలో కొంత భాగం అక్కడే కరిగిపోతుంది. పరుగెత్తేవాడి కాళ్ళలో శక్తి ఉండేది కూడా ఆ ఏళ్ళలోనే.

రాష్ట్ర ప్రభుత్వోద్యోగాలలో క్రీడాకారుల కోటాను 2 శాతంనుంచి 3 శాతానికి పెంచుతామని 2024 నాటి క్రీడా విధానంలో ప్రకటించారు. అక్కడ కూడా ఉద్యోగానికి తగిన చదువు ఉండవలసిందే. పతకం తలుపు దాకా తీసుకుపోతుంది. లోపలికి వెళ్ళాలంటే సర్టిఫికెట్ చూపాలి.

ఒకవేళ పదో తరగతి తప్పినా, ఏడాదంతా పోయినట్లు కాదు. తప్పిన సబ్జెక్టులు మాత్రమే సప్లిమెంటరీ పరీక్షలలో రాసుకుని, అదే ఏడు ఇంటర్‌లో చేరవచ్చు. ఓపెన్ స్కూలు ద్వారా పది, ఇంటర్ రాసుకునే దారి కూడా ఉంది. శిక్షణకోసం ఇల్లు వదిలి వెళ్ళిన పిల్లలకు ఇది ఉపయోగపడుతుంది.

ఆపడం మంచిదైన సందర్భాలు

అయితే ఏ పరిస్థితిలోను ఆపరాదని చెప్పడానికి లేదు. జబ్బు చేసి, లేదా కాలు విరిగి, సగం ఏడాది బడికే పోని పిల్లవాడు ఉంటాడు. ఎనిమిదికి వచ్చినా తెలుగు వాక్యం కూడబలుక్కుని చదివే పిల్లవాడు ఉంటాడు. పదో తరగతిలో నాలుగైదు సబ్జెక్టులు తప్పి, ఇంట్లో చెప్పేవారు లేక, సప్లిమెంటరీ గట్టెక్కలేని పిల్లవాడు ఉంటాడు. తప్పినవారిని మళ్ళీ రెగ్యులర్ విద్యార్థులుగా పదిలో చేర్చుకోవడానికి రాష్ట్రంలో 2023లో అనుమతి ఇచ్చారు. ఇలాంటివారికి ఇంకో ఏడాది బడి మేలు చేయవచ్చు. కాని అప్పుడు ఆపేది చదువుకోసం. ఆ ఏడాదిలో చదువు ఎలా చెబుతారన్నది ముందే హెడ్మాస్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి. ఆట కోసమని పైకి చెప్పి, చదువు సంగతి చూసీచూడనట్లు వదిలితే రెండింటికీ చెడుతుంది.

పూర్తిగా ఆటమీదనే పెట్టదలచినవారికి వేరే దారి ఉంది. కడప దగ్గర పుట్లంపల్లిలో ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది. నాలుగో తరగతిలోనే పిల్లలను చేర్చుకుంటారు. పరుగు, నిలబడి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం వంటి పరీక్షలు పెట్టి ఎంపిక చేస్తారు. చదువు, ఆట, భోజనం అక్కడే. అక్కడ కూడా ముందు చూసేది పుట్టిన తేదీనే.

మన చుట్టుపక్కల పిల్లలే

ఆలస్యంగా వెలుగులోకి వచ్చినవారు ఎక్కడో లేరు. యర్రావారిపాళెం మండలం ఎనుమలవారిపల్లె రేణిగుంటకు దూరమేమీ కాదు. ఆ పల్లెలో సాధారణ కుటుంబంలో పుట్టిన ఎతిమరపు రజని భారత మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపర్ అయింది. 2017లో ఆసియా కప్ గెలిచిన జట్టులో ఆమె ఉంది. గోల్‌కీపర్ బతుకు ఎలాంటిదో హాకీ చూసేవారికి తెలుసు. జట్టుకు గోల్ ముందు నిలబడేది ఒక్కరే. రెండోవారు ఎంత బాగా ఆడగలిగినా బెంచీ మీద కూర్చుని తన వంతుకోసం చూడాలి. జట్టులో మొదటి గోల్‌కీపర్‌గా సవిత ఉన్నంత కాలం రజని ఏళ్ళ తరబడి అలా ఎదురుచూస్తూ సాధన మానలేదు.

కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లెకు చెందిన శ్రీచరణి సంగతీ అలాంటిదే. బడిలో ఉండగా ఆమె ఆడింది పరుగులు, ఖోఖో, బ్యాడ్మింటన్. పదహారేళ్ళ ప్రాయంలో క్రికెట్‌వైపు మళ్ళింది. 2025 నవంబరు 2న ప్రపంచకప్ గెలిచిన భారత మహిళల జట్టులో ఆమె ఎడమచేతి స్పిన్నర్. పదమూడేళ్ళకు జిల్లాలో మొదటి స్థానం రాలేదని దిగులుపడే తల్లిదండ్రులు ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోవాలి. పద్నాలుగేళ్ళలోపు పందెం ఆటకు మొదలు మాత్రమే.

పిల్లవాణ్ణి అడిగారా?

మన ఉదాహరణలోని ఇంట్లో మేనమామ మాట్లాడాడు, తండ్రి ఆలోచించాడు, తల్లి ఊరుకుంది. డ్రిల్లు అయ్యవారి దగ్గరికి వెళితే ఆయన ఒక్క ప్రశ్నతో తేల్చేస్తాడు: "తరగతి ఏదైనా కానీండి, వాడు పుట్టింది 2011లోనే గదా?"

ఇంకొక్కరు మిగిలారు. పొద్దున్నే లేచి స్వర్ణముఖి గట్టున పరుగెత్తివచ్చే ఆ పిల్లవాడు. అతన్ని ఎవరూ అడగలేదు. అడిగితే, "నాయనా, మా జతగాళ్ళంతా తొమ్మిదికి పోతారు, నేనొక్కణ్ణే ఎనిమిదిలో ఉంటే రేపు రిలేలో నాకు బేటన్ ఇచ్చేదెవరు?" అంటాడేమో. లేదా, "నాకు లెక్కలు బొత్తిగా రావడం లేదు, భయంగా ఉంది" అంటాడేమో. మొదటిదైతే పై తరగతికి పంపాలి. రెండోదైతే, ఆటను పక్కకు పెట్టి ముందు లెక్కల సంగతి చూడాలి. ఏ జవాబు వచ్చినా, అది పెద్దలు ఊహించినదాని కంటే పనికివచ్చేదిగానే ఉంటుంది.

వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచేలోగా తల్లిదండ్రులు చేయగల పనులు నాలుగున్నాయి. జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రికార్డులలో తేదీ ఒకటేనా అని చూసుకోవాలి. తేడా ఉంటే పదో తరగతి దరఖాస్తు నింపేలోపే నిజమైన తేదీకి సరిచేయించుకోవాలి. వచ్చే ఏడు ఏ విభాగంలో ఆడాలో, దాని నియమాలేమిటో వ్యాయామోపాధ్యాయునిచేత చదివించుకోవాలి. వెనకబడిన సబ్జెక్టుకు సాయంత్రం ఎవరు చెబుతారో ఏర్పాటు చేసుకోవాలి. నాలుగోది, అన్నిటికంటే ముందు చేయవలసినది, పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అతని మాట వినడం.